ఆషాఢానికి ముందు ఇచ్చిన టోకెన్

ఆ ఫ్లాటు కొనడానికి ముందు నేను పరిశీలించినవన్నీ ఇప్పటికీ వరుసగా చెప్పగలను. కుళాయిల్లో నీటి ధార, బాత్రూము గోడ వెనక చెమ్మ, లిఫ్టు వయసు, బోరు లోతు, పడమటి కిటికీలోంచి ఎండ ఎంత దూరం లోపలికి వస్తుందో, పార్కింగులో స్తంభానికీ కారు తలుపుకీ మధ్య ఎంత జాగా మిగులుతుందో. పాత యజమానుల నాటి లింకు డాక్యుమెంట్లన్నీ లాయరుకు చూపించాను. పక్కింటి కుక్క మొరుగుడు ఎలా ఉంటుందో వినడానికి ఒక ఆదివారం మెట్ల మీద కూర్చున్నాను కూడా. నాకు బ్యాంకు అప్పు ఇస్తుందా అన్నది ఒక్కటే చూసుకోలేదు.

చూసుకోవాలని తోచలేదు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. మణికొండలో మేం కిరాయికి ఉండే బిల్డింగులో నాలాంటి జీతగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోతున్నారు. అప్పు అనేది జీతం వెనకాలే దానంతట అది వస్తుందనుకున్నాను.

దానికి తోడు ఆషాఢం ముంచుకొస్తోంది. మాతోనే ఉండే మా అమ్మ తొందరపెట్టింది.

"ఆషాఢం పడితే నెల దాక ఇంటి ముచ్చట ఎత్తొద్దు బిడ్డా. గంతల ఇంకెవడన్న వచ్చి కొనుక్కపోతే ఏం జేస్తం? మంచిరోజు ఉండంగనే టోకెన్ ఇచ్చెయ్. బ్యాంకుది తర్వాత చూస్కోవచ్చు."

టోకెన్, అంటే బయానా డబ్బు కూడా అమ్మదే. ఊళ్ళో జాకెట్లు కుట్టి, నెలనెలా కట్టిన చిట్టీ ఎత్తితే వచ్చిన మూడు లక్షలు. ఆషాఢానికి ముందు చివరి మంచిరోజున, తమలపాకులు పెట్టిన స్టీలు పళ్ళెంలో ఆ డబ్బు పెట్టి ఇచ్చాం.

ఫ్లాటు ప్రగతి నగర్‌లో, చెరువుకు దగ్గర్లో. అమ్మేది భీమవరం వైపు నుంచి వచ్చి చాలా ఏళ్ళ కిందటే ఇక్కడ స్థిరపడిన రిటైర్డు లెక్కల మాస్టారు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి నవ్వారు.

"సాఫ్ట్‌వేరు వాళ్ళకేంటండీ, బ్యాంకు వాళ్ళే ఇంటికొచ్చి సంతకాలు పెట్టించుకెళ్తారు. నా రోజుల్లో లోను కోసం రెండు జతల చెప్పులు అరిగాయి."

శ్రావణం ముగిసేలోగా రిజిస్ట్రేషన్ కాకపోతే టోకెన్ తిరిగి రాదని కాగితం రాసుకున్నాం. రెండు నెలల గడువు. చాలా ఎక్కువ అనిపించింది.

గచ్చిబౌలి బ్యాంకులో లోన్ల ఆఫీసరు నా వయసే ఉన్న ఒకావిడ. కంప్యూటరులో నా వివరాలు కొట్టింది. తర్వాత తెర నా వైపు తిప్పింది.

"సార్, ఈ పాన్ నంబరు మీదేనా?"

నాదే. పాత అప్పులు ఎలా కట్టానో చెప్పే క్రెడిట్ స్కోరు ఆరు వందలకు కిందే ఉంది. కొన్నేళ్ళ కిందట కంపెనీ తీసేస్తే నాలుగైదు నెలలు ఖాళీగా ఉన్నాను. అప్పుడు క్రెడిట్ కార్డు, పర్సనల్ లోను వాయిదాలు తప్పాయి. ఉద్యోగం దొరికాక తప్పిన ఆ వాయిదాలన్నీ వడ్డీతో సహా కట్టాను.

"కట్టేశాను కదా మేడమ్."

"కట్టారు సార్. లేటుగా కట్టారు. ఆ మచ్చ అంత తొందరగా పోదు. పైగా ఆ పర్సనల్ లోను ఇంకా నడుస్తోంది, కారు లోను ఒకటి. జీతంలో సగం వీటికే పోతుంటే ఇంటికి ఎక్కడినుంచి కడతారు?"

బయటికి వచ్చి కారులో కూర్చుంటే తాళం చెవి పట్టుకున్న వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఎండలో నిలబెట్టిన కారు. లోపల ఉడికిపోతోంది. అయినా వేళ్ళు చల్లగానే ఉన్నాయి.

అప్పుడు నేను చేసిన పని నా వృత్తిలో ఉన్నవాడే చేస్తాడు. ఒక సర్వరు పలకకపోతే మేం అదే విన్నపాన్ని మిగతా సర్వర్లన్నిటికీ ఒకేసారి పంపిస్తాం. ఏదో ఒకటి జవాబిస్తుంది. మర్నాడు ఆఫీసు క్యాంటీన్‌లో పెరుగన్నం తింటూ, ఫోనులోనే ఆరు చోట్ల హోమ్ లోనుకు దరఖాస్తు పెట్టాను. ప్లేటు కడిగేసేసరికి కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

ఆ వారమంతా తెలియని నంబర్ల నుంచి ఫోన్లు. మొదట ఆశగా ఎత్తేవాణ్ణి. తర్వాత నాలుగో రింగు దాకా ఎత్తేవాణ్ణి కాదు. అన్నీ కాదన్నవే. చివరిది కాదన్నాక మళ్ళీ గచ్చిబౌలి ఆఫీసరు దగ్గరికే వెళ్ళాను. ఆవిడ తెర చూసి తల పట్టుకుంది.

"ఏం చేశారు సార్ ఇది? ఒక్కొక్కరూ మీ రికార్డు తెరిచి చూశారు. ఒకేసారి ఇంతమందిని అడిగితే ఈయనకు డబ్బుకు చాలా కటకటగా ఉందనుకుంటుంది సిస్టమ్. స్కోరు ఇంకా పడింది."

"ఇప్పుడు ఏం చేయమంటారు?"

"ముందు ఎక్కడా అడగడం ఆపండి. కారు అమ్మేసి ఆ లోను మూసేయండి. మీ మిసెస్‌కు జీతం ఉందన్నారు కదా, ఆవిడ పేరు ముందు పెట్టి మూడు నెలలాగి రండి. అప్పుడైనా వడ్డీ ఎక్కువే పడుతుంది."

మూడు నెలలు. నాకు మిగిలింది నెల చిల్లర.

ఇంట్లో అమ్మ అప్పటికే బట్టలు కొలిచే టేపుతో దేవుడి అల్మారా కొలిచి పెట్టుకుంది. కొత్త ఇంట్లో అది ఈశాన్యం మూలలో పడుతుందా లేదా అని నన్నే అడిగేది. నేను పడుతుందనేవాణ్ణి. ఆఫీసు మీటింగులో ఎవరో నా పేరు పిలిస్తే ఉలిక్కిపడేవాణ్ణి. ఆ మూడు లక్షలు పోతే అమ్మ మళ్ళీ ఎన్ని జాకెట్లు కుట్టాలో లెక్క వేయబోయి, సగంలో భయపడి ఆపేశాను.

మొదట నా భార్యకు చెప్పాను. తను ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్.

"రిపోర్టు చూడకుండనే ఆపరేషన్‌కు డేటు ఇచ్చినట్టుంది నీ పని," అంది. "నా పేరు పెడుదువు గానీ, ముందు అత్తమ్మకు చెప్పు. నేనైతే చెప్ప."

అమ్మ కుట్టు మిషను ఆపి మొత్తం వింది.

"అయితే పైసలు పోతయా?"

"పోవచ్చమ్మా."

"పోతే పోనీ తియ్ బిడ్డా అంటననుకున్నవా? అనను. అవి నా పైసలు. నడువ్, ఆ సారు తాన్కి పోదాం."

కూకట్‌పల్లి మీదుగా ప్రగతి నగర్ చేరాం. మాస్టారింట్లో సోఫా అంచున కూర్చుని జరిగిందంతా చెప్పాను. లోను రావడం లేదని, గడువు పెంచాలని, లేదంటే టోకెన్ తిరిగి ఇవ్వాలని. ఆయన ముఖంలో నేననుకున్న కోపం రాలేదు. రంగు పోయింది.

"ఈ మాట ముందే చెప్పాలి కదండీ," అన్నారు మెల్లగా. "మీరిచ్చిన డబ్బు నా దగ్గర లేదు. ఆ సాయంత్రమే బాచుపల్లిలో ఇంకో ఇంటికి నేను టోకెన్ ఇచ్చేశాను."

"గంత జల్దీ ఎందుకిచ్చిన్రు?" అంది అమ్మ.

"ఆషాఢం వచ్చేస్తోందని, అమ్మా!"

అమ్మ నా వంక చూడకుండా కొంగు సర్దుకుంది. ఆయన లేచి ఫ్యాను వేగం పెంచారు. అప్పటికే అది బాగానే తిరుగుతోంది. నా డబ్బు రాకపోతే ఆయన ఇల్లు ఆగిపోతుంది, ఆయన టోకెన్ కూడా పోతుంది. అంతవరకు నేను ఆయనకు భయపడుతున్నాను. ఇప్పుడు ఆయనా నాకు భయపడుతున్నారని చూశాక నా భయం ఇంకా పెరిగింది.

"నన్ను వదిలేసి ఇంకొకరికి అమ్ముకోవచ్చు కదా సార్?"

"అమ్మచ్చు. ఆషాఢంలో ఎవరొస్తారండీ బేరానికి?"

చివరికి అమ్మే తేల్చింది. "దసరా దాక ఆగున్రి సారూ. గా బాచుపల్లి ఆయన ఆగనంటే, మీకు పోయేదాంట్ల సగం మేం పెట్టుకుంటం. అయితే వీడు కారు అమ్మిన కాయితం మీకు చూపియ్యాలె. వీని మాట నమ్మకున్రి."

కాగితం తిరగరాశాం. ఆ వారంలోనే కారు అమ్మి, ఆ లోను మూసేసిన కాగితం ఆయనకు చూపించాను. బాచుపల్లి ఆయన ఆగలేదు. మాస్టారి టోకెన్ పోయింది. మాటిచ్చినట్టే సగం మేం భరించాం. దసరాకు వారం ముందు, నా భార్య పేరు ముందు, నా పేరు వెనక పెట్టి, ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ ఎక్కువ వడ్డీకి లోను ఇచ్చింది. ఇచ్చామని ఫోను వచ్చినప్పుడు కూడా అలవాటుగా నాలుగో రింగు దాకా ఎత్తలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మాస్టారు నాకు ఎదురుగా కాక పక్కన కూర్చుని, నా సంతకం పూర్తయ్యేదాకా పెన్ను వంకే చూశారు. ఇప్పుడాయన అదే కాలనీలో కిరాయికి ఉంటున్నారు. ఎదురుపడితే పలకరిస్తారు గానీ ఇల్లెలా ఉందని అడగరు.

దేవుడి అల్మారా ఈశాన్యంలోనే పట్టింది. వాయిదా తేదీకి ముందురోజు పొద్దున నేను ఫోనులో బ్యాలెన్సు చూస్తుంటే అమ్మ మిషను మీదనుంచి తలెత్తకుండానే అడుగుతుంది.

"ఉన్నయా?"

"ఉన్నయమ్మా."

"ఇంకోపారి చూడు."

మళ్ళీ చూస్తాను.