నా ఫైల్‌కి నేనే కాపలా

మా టీమ్ కంపైలర్ తయారుచేస్తుంది. సి ప్లస్ ప్లస్‌లో రాసిన పెద్ద ప్రోగ్రాములను, చిన్న చిన్న ఆదేశాలు తప్ప అర్థంకాని ఒక ప్రాసెసర్ కోసం అది విడగొడుతుంది. అందులో ఒక ఫైల్ నాది. ఎవరైనా పాడుచేస్తారన్న భయంతో ఆరేళ్ళ క్రితం నిబంధన పెట్టించాను: నేను ఆమోదించనిదే అందులో ఒక్క అక్షరం మారకూడదు.

ఆ ఫైల్ వల్లే రెండుసార్లు వేరే టీమ్‌కి వెళ్ళలేకపోయాను. ఈ రోజు మేనేజర్ సరేనన్నారు. ఆమోదించే మనిషిగా నా పేరు తీసి, పక్క సీట్లో కూర్చునే స్వప్న పేరు పెడితే చాలట. సంబరంగా మార్చాను. సిస్టమ్ ఒప్పుకోలేదు. ఎవరి మార్పును వాళ్ళే ఆమోదించుకోకూడదట. ఆ రూలూ నేను పెట్టించిందే.

స్వప్న నవ్వింది. "గింత దానికే పరేషాన్ ఎందుకన్నా? మార్పు నేను పంపిస్త. నువ్వు ఓకే కొట్టు, అయిపాయె."

పంపింది. ఒక్క నొక్కు నొక్కితే ఆరేళ్ళ చెర వదిలిపోతుంది.

చదివాను. మళ్ళీ చదివాను. కామా తర్వాత ఖాళీ వదల్లేదని రాసి తిప్పి పంపాను.

స్వప్న అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. ఇంటికెళ్తూ కొత్తగూడ దగ్గర ట్రాఫిక్‌లో క్యాబ్ కదలక ఇది రాస్తున్నాను. తాళంచెవి జేబులోనే పెట్టుకుని లోపల కూర్చున్న ఖైదీలు మీ ఆఫీసుల్లోనూ ఉన్నారా?