బదులు బ్యాటు సారు

మా ఎమ్మిగనూరు బడి డ్రిల్లు సారు సేతుమాధవరావుకు ప్రపంచంలో ఒకే ఒక్క రూలు తెలుసు. సాఫ్ట్‌బాల్‌లో ‘డిజిగ్నేటెడ్ ప్లేయర్’ అంటారే, అది. ఒక పిల్ల ఫీల్డింగ్ మాత్రం చేస్తుంది, ఆమె బదులు ఇంకో పిల్ల బ్యాటు పడుతుంది. ఇద్దరూ జట్టులో వాళ్లే. దానికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరు ‘బదులు బ్యాటు’. ఆ రూలు మైదానంలోనే ఉంటే లెక్కల సారునైన నాకేం బాధ లేదు. ఆయన దాన్ని ఎక్కడ పడితే అక్కడికి మోసుకొచ్చి నా నెత్తిన రుద్దేవాడు.

సంతకు పోతే, “కుమారస్వామీ, వంకాయలు నేను ఏరుతా, బేరం నా బదులు నువ్వు చెయ్యి” అనేవాడు. నేను గొంతు చించుకుని బేరమాడితే, చివర్లో ఆ వంకాయల అవ్వతో “పోనీలేవ్వా, నువ్వు చెప్పిందే ఇస్తాం” అని నా పరువు గంగలో కలిపేవాడు.

“మరి నేనెందుకు సార్ అరిచింది?”

“నువ్వు బాగానే ఆడినావప్పా. అంపైరవ్వ ఒప్పుకోలేదు, అంతే.”

హెడ్మాస్టరు పిలిచి చివాట్లు మొదలుపెట్టగానే నన్ను ముందుకు తోసేవాడు. “నా బదులు ఈయన వింటాడు సార్, నేను గ్రౌండుకు పోవాల” అని మాయం. చెయ్యని తప్పులకు నేను చెప్పిన క్షమాపణలు ఇన్నీ అన్నీ కావు.

ఇంట్లో భార్య సరస్వతీబాయమ్మ దగ్గర మాత్రం ఆయన పప్పులు ఉడకలేదు. ఒక ఏకాదశి నాడు “ఉపవాసం నా బదులు నువ్వుండు” అన్నాడట. “అట్లనే ఉంటా. స్వర్గానికి కూడా మీ బదులు నేనే పోతా. మీరు ఈడనే ఉండి ఉప్మా తినండి” అందామె. ఆ పూట సారు మంచినీళ్లతో సరిపెట్టుకున్నాడు.

ఈ జబ్బు బడంతా పాకింది. బోర్డు తుడవమంటే “నా బదులు బ్యాటు ప్రార్థన సార్!” అని పక్కపిల్లను చూపించేవాళ్లు పిల్లలు.

పదో తరగతిలో వసంత అని మగ్గం నేసేవాళ్ల పిల్ల ఉంది. చిన్నప్పటి నుంచి ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తుంది. బ్యాటు పట్టిందంటే మాత్రం బంతి గోడ దాటాల్సిందే. ఆదోని జట్టుతో పోటీకి సారు ఆమెను బదులు బ్యాటుగా ఎంచాడు. మర్నాడే ఆమె తల్లి హనుమమ్మ బడికొచ్చింది.

“దాన్ని అందరి ముందర యాడ నిలబెడతావు సార్? నవ్వుతారు. ఒక్కసారి నవ్వినారంటే అది మళ్లీ బడి గడప తొక్కదు. నా కూతురు నాకు తెల్దా?”

సారు వాదించలేదు. “నువ్వు కూడా రామ్మా. ఒక్కరు నవ్వినా చెయ్యి పట్టుకోని ఇంటికి పిల్చుకోని పో. నేను అడ్డం రాను.”

పోటీ మా బడి మైదానంలోనే. వసంత పేరు పిలవగానే ఆదోని డ్రిల్లు సారు వీరన్న లేచాడు. “ఆ పాప ఫీల్డింగ్‌కు రాలేదు, బ్యాటింగ్‌కు ఎట్ల వస్తాది?”

అడగడమే పాపం! ఇన్నేళ్లలో ఆ రూలు చెప్పమని తనంతట తాను అడిగిన మొదటి మనిషి! మా సారు దాని పుట్టుపూర్వోత్తరాల నుంచి అందుకున్నాడు. చివరికి అంపైరే చేతులు జోడించాడు. “ముందే పేరిచ్చినారు, అంతా సరిగ్గానే ఉంది. ఇంక ఆట ఆడనీ సామీ!”

వసంత బ్యాటు పట్టుకుని నడిచింది. హనుమమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆదోని పిల్లలు ఎగాదిగా చూశారు. మా పిల్లలకేమో బదులు బ్యాటంటే రోజూ తినే ఉగ్గాని. “వసంతా, గోడవతల హెడ్మాస్టరు బండి ఉంది, జాగర్త!” అని మాత్రం అరిచారు.

నా పక్కన కూర్చున్న సరస్వతీబాయమ్మ మెల్లగా అంది: “ఆ పాప ఆరో తరగతిలో చేరిన యేడే పట్టింది ఈయనకు ఈ పిచ్చి. ఎందుకిదంతా అంటే, ‘అందరికీ ముందే అలవాటు చేస్తాండాను’ అన్నాడు.”

ఓరి దేవుడా! నన్ను ఇన్నేళ్లు వెర్రివాణ్ణి చేసింది ఇందుకా! కోపం రావాల్సింది, రాలేదు. ఆయన్ను వాటేసుకోవాలనిపించింది.

అంతలో ఠప్పుమంది. బంతి గోడ దాటింది. వసంత నాలుగు బేసులూ తన నడకతోనే చుట్టొచ్చింది. తొందరేముంది, బంతి ఎవరి చేతిలోనూ లేదు కదా. ఆదోని పిల్లలు కూడా చప్పట్లు కొట్టారు.

వెనక వరసలో ఎవరో పెద్దాయన, “ఆ పాప కాలు బాగలేదా? ఫీల్డింగ్ చెయ్యదేమి?” అన్నాడు.

హనుమమ్మ గిర్రున తిరిగింది. “కాలు సంగతి ఎవరడిగినారప్పా నిన్ను? మా పిల్ల బదులు బ్యాటు! రూలు తెల్దా? బాగా కొట్టేవాళ్లకే ఇస్తారు. జిల్లాకంతా ఒక్కరికే!”

జిల్లాకంతా ఒక్కరికా! ఆ రూల్లో అక్షరం తేడా వస్తే అంపైర్‌నైనా వదలని మనిషి మా సారు. నేను భయంభయంగా ఆయన వైపు చూశాను.

“అంతేనమ్మా, ఒక్కరికే” అన్నాడు సేతుమాధవరావు.