గురువారం వంతు

నందికొట్కూరులో మా స్టీలు సామాన్ల అంగడి ముందు ప్రతి ఎండాకాలం చలివేంద్రం పెడతాం. వేపకొమ్మల పందిరి కింద నాలుగు కుండలు, చుట్టూ తడి గోనెపట్టలు. రోడ్డుకు రెండు పక్కలా ఉన్న ఏడు అంగళ్లకూ వారంలో ఒక్కో రోజు వంతు. ఎవరి వంతు రోజు వాళ్లు క్యాన్ల నీళ్లు తెప్పించి కుండలు నింపాలి, అంతే. ఏళ్ల తరబడి ఎవరూ పెద్దగా అలిసిపోకుండా నడిచిన పని అది. దాన్ని పాడుచేసింది నేను.

రెండేళ్ల కిందట అంగళ్లవాళ్లంతా కలిసి, "ఈసారి అంతా నువ్వే చూసుకోమ్మా" అన్నారు. అంతకుముందు నన్నెవరూ దేనికీ పెద్దను చేయలేదు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఫోన్లో గ్రూపు పెట్టాను. పొద్దున తొమ్మిదికీ, మధ్యాహ్నం రెండుకీ నిండు కుండల ఫోటో పెట్టాలన్నాను. ఫోటో రాకపోతే అంగడికే పోయి నిలదీసేదాన్ని. మందుల అంగడాయన మూత తుడవలేదని ఒకరోజు, ఎరువుల అంగడాయన ఒకటే గ్లాసు పెట్టాడని ఇంకోరోజు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం దాన్ని శ్రద్ధ అనుకున్నాను.

గురువారం ఎదురంగడి టైలరుది. నాకన్నా పదేళ్లు పెద్ద. ఆయనది బటన్ల ఫోను, ఫోటోలు రావు. ఒక గురువారం పెళ్లిబట్టల తొందరలో మధ్యాహ్నం కుండలు నింపడం మరిచాడు. నేను రోడ్డు దాటిపోయి, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల ముందే కడిగేశాను.

"చేతగాకపోతే చెప్పన్నా, నేనే చేసుకుంటా. రేపట్నుంచి నువ్వు కుండల జోలికి రావద్దు."

ఆయన మెడలో టేపు సర్దుకుని, "సరేమ్మా" అన్నాడు.

అది చూసి మిగతావాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు. వారం తిరిగేసరికి ఏడు రోజులూ నావే. బాధపడలేదు సరికదా, "అంతా ఆమె ఒక్కతే చేస్తాంది" అని బజారులో అంటుంటే నాకు కడుపు నిండేది. తెల్లారకముందే లేచి కుండలు కడగడం, క్యాన్లు మోయడం, ఆ తర్వాత అంగడికొచ్చిన వాళ్ల మీద కసురుకోవడం. ఇరవై రోజులకు నడుము పట్టేసి జ్వరం తగులుకుంది. మా చెల్లెలు వచ్చి కల్లూరులో వాళ్లింటికి తీసుకుపోయింది. అక్కడ నాలుగు రోజులున్నాను. ఆ నాలుగు రోజులూ కుండల్లో చుక్క నీళ్లు లేవు.

ఆ సంగతి తెలిసి, తిరిగొచ్చిన రోజు మండిపడుతూనే బస్సు దిగాను. ఇన్ని అంగళ్లలో ఒక్కరికీ మనసు రాలేదా అని నేరుగా టైలరునే అడిగాను. ఆయన మిషను ఆపాడు.

"మొన్న మద్యానం ఒక ముసలామె వచ్చిండెమ్మా, చేతిలో ఆస్పత్రి చీటీ. నాలుగు కుండల మూతలూ తీసి సూసి, ఆడనే కూలబడె. ఉరికిపోయి నా గ్లాసు నీళ్లిచ్చి, ఆటోలో ఎక్కిస్తి. తర్వాత ఏమాయనో తెల్దు. ఆ పొద్దున్నే కుండల్లో నీళ్లు పోద్దామని క్యాను ఎత్తినా గూడా. నువ్వు రావద్దంటివి గదా అని దించేసినా. తప్పు నాదేమ్మా."

తప్పు ఆయనది కాదు. ఆ మాట నేను వెంటనే అనాల్సింది. ఒక ముసలామె ఖాళీ కుండల ముందు కూలబడడానికి నా నోరు కారణమని తెలిశాక, దాంతో ఇంకేం మాట్లాడాలన్నా భయమేసింది. చివరికి, "నీ గురువారం నువ్వే తీసుకోన్నా, అందరినీ బతిమాలుకుంటా, నాకు సోమవారం ఒక్కటి చాలు" అన్నాను.

అందరూ మళ్లీ తమ వంతులకు వచ్చారు. ఇప్పుడు నాది సోమవారమే. మిగతా రోజుల్లో కుండ అడుగంటినా అంగడిలోనే కూర్చోవడం నేర్చుకుంటున్నాను, అది క్యాన్లు మోయడం కన్నా కష్టంగా ఉంది.

టైలరు కూడా వచ్చాడు. నాకు ఈ పెత్తనం రాకముందు పదేళ్లకు పైగా, ఎవరినీ అడక్కుండా ఆ కుండలు నింపిన మనిషి. ఇప్పుడు ప్రతి గురువారం పొద్దున్నే నా గుమ్మం ముందు నిలబడి, "పోయమంటావామ్మా?" అని అడిగిగానీ క్యాను ఎత్తడు.