పళ్ళమేస్త్రికి మిగిలిన మాట

ఆ వీధికి ఎవరైనా చరిత్ర రాయదలిస్తే కాలాన్ని రెండుగా విడగొట్టక తప్పదు: పళ్ళమేస్త్రి 'సెట్' అనడం మొదలుపెట్టక ముందు, పెట్టిన తర్వాత. మొదటిది చీకటి యుగం. అప్పట్లో జనం ఒక్కో సంగతికి ఒక్కో మాట వెతుక్కుంటూ నానా అవస్థా పడేవారు.

పళ్ళమేస్త్రి కట్టుడుపళ్ళు చేసేవాడు. పై వరసా కింది వరసా కలిస్తే సెట్. అచ్చులో పోసిన ప్లాస్టర్ గట్టిపడితే సెట్. పెట్టుకున్న పెద్దాయన అద్దంలో చూసుకుని నవ్వితే సెట్. అక్కడితో ఆగి ఉంటే వృత్తిధర్మం అనుకుని ఊరుకునేవాళ్ళం. కూర కుదిరినా సెట్టే, జ్వరం తగ్గినా సెట్టే, అలిగిన తమ్ముడు భోజనానికొచ్చినా సెట్టే. పెళ్ళైన కొత్తలో భార్య సిగ్గు విడిచి, "నేనంటే ఇష్టమేనా?" అని అడిగితే, కాసేపు ఆలోచించి, "మనం సెట్టే కదా" అన్నాడు. ఆ పూటంతా ఆవిడ ముఖం చిటపటలాడింది. అంతకంటే తియ్యని ముక్క ఈ మనిషి నోట రాదని తర్వాత సర్దుకుంది.

కిందటి వానాకాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాటలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. ఏది మిగిలిందో వేరే చెప్పనక్కర్లేదు.

భార్య బెంబేలు పడలేదు. "నీళ్ళు కావాలంటే దీర్ఘం తీస్తారు. కిటికీ వెయ్యమనాలంటే తుంచేస్తారు. కోపమొస్తే రెండుసార్లంటారు," అని పక్కింటావిడకి వ్యాకరణం చెప్పినట్టు చెప్పేది.

"మీ ఆయన అనేదానికంటే నువ్వు వినేదే ఎక్కువగా ఉందమ్మా," అంది పక్కింటావిడ.

అందుకే మరిది వచ్చి బజార్లో ఉన్న పనిగది సంగతి ఎత్తినప్పుడు కూడా ఆవిడ తడుముకోలేదు.

"పక్కన కళ్ళజోళ్ళ కొట్టాయన గది అడుగుతున్నాడు వదినా. మూసిపెడితే మిషన్లు తుప్పు పట్టడం తప్ప ఒరిగేదేం లేదు. అయినా అది అన్నయ్య ప్రాణం. ఆయన్నే అడుగు."

అడిగింది. "సెట్," అన్నాడాయన మెత్తగా.

"ఒప్పుకున్నారు," అని మరిదికి చెప్పేసింది.

మర్నాడు, మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"మీరు మగవారేనా?" అని అడిగింది డాక్టరమ్మ.

"సెట్." తలూపాడు.

"మీరు ఆడవారా?"

"సెట్." అదే తల, అదే ఊపు.

"మా ఆయనకి వేళాకోళం ఎక్కువండీ," అంది భార్య, నవ్వబోయి.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఆయన మనసులో ఏదో ఉంటుందమ్మా. కానీ అవునో కాదో ఆ మాటని బట్టీ, తలని బట్టీ ఇప్పుడు చెప్పలేం."

"మరి నీళ్ళు అడిగినప్పుడు నాకు తెలుస్తోందే?"

"గ్లాసు అందిస్తే తాగుతారు కదా."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆవిడకి ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్ళ కబుర్లలో ఆయన వంతు కూడా తనే మాట్లాడుకుంది. ఆటోని పనిగది దగ్గర ఆపించి, షట్టరెత్తి, ఆయన్ని బల్లముందు కుర్చీలో కూర్చోబెట్టింది.

సగంలో వదిలేసిన కింది వరస మైనంలో అలాగే ఉంది. ఆయన ఎడంచేత్తో దాన్ని తీసుకుని, బొటనవేలితో ఒక్కో పన్నూ తడిమాడు. ఒకటి ఊడి కింద పడింది. ఆవిడ వంగి అందించింది. దాని చోట దాన్ని పెట్టబోయాడు. మళ్ళీ పెట్టబోయాడు. చివరికి తెచ్చి ఆవిడ అరచేతిలోనే పెట్టేశాడు.

"గది ఉంచుకుందామాండీ?"

"సెట్."

"ఇచ్చేద్దామా?"

"సెట్."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ జబ్బులో కళ్ళు ఊరికే చెమరుస్తాయని కూడా డాక్టరమ్మ చెప్పి పంపింది. ఆవిడకి ఆ ఆధారమూ మిగల్లేదు.

సాయంత్రం మరిది వచ్చాడు. "అన్నయ్య మాట ఖాయమేగా వదినా?"

"ఆయన మాట నాకు తెలీదు. గది ఇచ్చెయ్. ఎవరైనా అడిగితే నేనన్నానని చెప్పు."

"అదంతా నీ నెత్తినెందుకు వేసుకుంటావు? అన్నయ్య సెట్ అన్నాడన్నావుగా."

"అన్నారు. దేనికన్నారో తెలీదు."

కళ్ళజోళ్ళ కొట్టాయన మర్నాడే వచ్చి గది కొలుచుకున్నాడు. బల్ల అక్కర్లేదన్నాడు. కుర్చీ మాత్రం ఉంచమన్నాడు.