నంబరు పెరిగిందని చెప్పిన సాక్ష్యం

ఆ రోజు నాంపల్లి కోర్టు బయట నా బల్ల దగ్గర కూర్చుని ఎవరిదో అఫిడవిట్ టైపు చేస్తున్నాను. నడుము ఎడమ పక్కన నిప్పు తగిలినట్టు చురుక్కుమంది. చీర బిగిసి ఒరుసుకుందేమో అనుకున్నాను. సాయంత్రం ఇంటికి వెళ్లి చూసుకుంటే వీపు నుంచి పొట్ట దాకా నీటి పొక్కులు ఒకే వరుసలో లేచి ఉన్నాయి. మా అత్తమ్మ చూసి సర్పి అంది. సర్పి రెండు కొసలూ నడుము చుట్టూ తిరిగి కలుసుకుంటే మనిషి దక్కదని మా వైపు నమ్మకం. మేం క్రైస్తవులం, ఇలాంటివి పట్టించుకోకూడదు. అయినా వారం రోజులు ప్రతి పొద్దున ఆమె నన్ను అటు తిప్పి నిలబెట్టి, మిగిలిన దూరాన్ని జానతో కొలిచేది. "ఇంక దూరమున్నయి బిడ్డా, జర ఫికర్ చెయ్యకు" అనేది. 

పొక్కులు మానాయి గానీ మంట పోలేదు. సర్కారు దవాఖానలో డాక్టరమ్మ మచ్చలు చూసి నా వయసు అడిగింది. ముప్పై నాలుగు. భర్త గురించి అడిగింది. మా ఆయన ప్రభుదాసు అబిడ్స్‌లో చెప్పుల షాపులో సేల్స్‌మన్. అంతకు రెండేళ్ల ముందు మెదడు జ్వరంతో పోయాడు. పదిహేనేళ్లు జనానికి చెప్పులు తొడిగిన మనిషి, చివరి నెలలో ఒక పొద్దున ఎడమ చెప్పు కుడి కాలికి వేసుకుని, ఏదో తేడాగా ఉందే అని నవ్వుతూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆ సంగతి చెప్పగానే డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఒక టెస్ట్ చేయిద్దాం. ముందు కౌన్సెలర్‌తో మాట్లాడండి" అంది.

హెచ్‌ఐవీ పాజిటివ్. రెండు రోజులు అన్నం ముట్టలేదు, ఏడుపుతో కాదు, ఆయన మీద కోపంతో. గోడ మీద ఫొటోతో పోట్లాడాను. ఎంత తిట్టినా ఆ నవ్వు మొహం అలాగే ఉంది, చివరికి ఫొటోను పెట్టెలో పెట్టేశాను.

వెంటనే మందులిస్తారనుకున్నాను. ఇవ్వలేదు. సర్కారు ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టిన తొలి రోజులవి. సీడీ4 అంటే రోగంతో పోరాడే కణాల లెక్క అనీ, అది రెండు వందలకు దిగితేనే మందులనీ డాక్టరమ్మ చెప్పింది. నాకు 388 ఉంది. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం ఆపకూడదట, మధ్యలో ఆపితే ఆ మందు ఇక పనిచేయకుండా పోవచ్చట. "ఇప్పుడు మీరు బాగానే ఉన్నారు, వెయిట్ చేద్దాం" అంది. నేను తగ్గిపోయేదాకా వెయిట్ చేయడమన్నమాట అని ఇంటికొచ్చాక గానీ నా బుర్రకెక్కలేదు.

ఆ రోజుల్లో నా ఒంటికి ఏమీ లేకపోవడమే నన్ను భయపెట్టింది. బాగా తిన్నాను, బుగ్గలు నిండాయి, కోర్టు దగ్గర చాయ్ అమ్మే ఆమె రంగొచ్చినవని మెచ్చుకుంది. కాగితం మీద మాత్రం 310, ఆ తరువాత 246. పొద్దున గడప దాటే ముందు నా కాళ్ల వైపు చూసుకునేదాన్ని. బస్సులో నిలబడి ఉండగా ఒక్కోసారి చెప్పులు తారుమారయ్యాయని గట్టిగా అనిపించేది. వంగి చూస్తే సరిగ్గానే ఉండేవి. అయినా నమ్మకం కలిగేది కాదు.

దవాఖానలో మాలాంటి వాళ్ల పరీక్షలకూ మందులకూ పెట్టిన సెంటర్‌లో పేర్లు పిలవరు, నంబర్లతో పిలుస్తారు. నాది 62. నాకు ముందు 61, ఒక పెద్దావిడ, నన్ను చూడగానే బెంచీ మీద జరిగి చోటిచ్చేది. మూడోసారి వెళ్లినప్పుడు సిస్టర్ "సిక్స్టీ వన్" అని మూడుసార్లు పిలిచింది. ఎవరూ లేవలేదు. అంతమంది నిలబడి ఉన్నా నా పక్క చోటులో ఎవరూ కూర్చోలేదు. తరువాత నన్ను పిలిచారు.

ఆ ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో నలభై రోజులూ ఉపవాస ప్రార్థన చేశాను. తరువాతి పరీక్షలో 301 వచ్చింది. డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది పైకీ కిందికీ కదులుతూనే ఉంటుంది. ఒక్క రిపోర్ట్ చూసి పొంగిపోవద్దు, మూడు నెలల్లో మళ్లీ రండి" అంది. నాకు అంకె ఒక్కటే వినిపించింది.

మా చర్చిలో మేలు పొందినవాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే దేవుడి మహిమను దాచినట్టు. ముందు అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, డాక్టరు ఏమన్నారని అడిగారు. బాగుందన్నారని చెప్పాను. తరువాత లేచి నిలబడి, జబ్బు పేరు చెప్పకుండా, నా రక్తంలో తగ్గిపోతున్న లెక్క 246 నుంచి 301కి ఎక్కిందని, ఒక్క గోళీ కూడా మింగలేదని చెప్పాను. చర్చంతా స్తోత్రం అంది.

మూడు నెలలకు అది 182. ఈ వారమే మొదలుపెడదామని డాక్టరమ్మ అంటే, మళ్లీ వస్తానని వచ్చేశాను. మందు మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టని అత్తమ్మతో వాదించాను. అసలు భయం నేను అబద్ధికురాలినవుతానని. అప్పటికే కొందరు తల్లులు పసిపిల్లల్ని తెచ్చి, తల మీద చెయ్యి పెట్టమంటున్నారు. సిగ్గు విడిచి చెప్తున్నాను, అది నాకు నచ్చింది. అలా రెండు నెలలు గడిపాను. సాయంత్రాలు జ్వరం తగిలేది. టైపు మిషను చప్పుడులో ఎవరో సిక్స్టీ టూ అని పిలిచినట్టయి తలెత్తేదాన్ని.

ఒక మధ్యాహ్నం పాతికేళ్ల అమ్మాయి వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. అఫిడవిట్ కోసమనుకుని మిషనులో కాగితం ఎక్కించాను. కాగితం వద్దంది. పేరు సరళ, మెదక్ నుంచి వచ్చింది. పెదవుల మూలల్లో తెల్లగా పూత కట్టి ఉంది.

"అక్కా, గా ఆదివారం మా చిన్నమ్మతోని మీ చర్చికొచ్చిన. మీరు మూడు వందల ఒకటి అన్నరు గదా. ఎవ్వరికి సమజ్ గాలే, నాకైంది. గా రోజే గోళీలు బంద్ చేసిన."

అప్పటికి నాలుగు నెలలుగా వేసుకుంటున్న మందులట. ఇంకెవరికి చెప్పావని అడిగాను. ఎవరికీ చెప్పలేదంది. నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. నెత్తి కాలిపోతోంది. నాకు ప్రార్థన నోటికి రాలేదు. 

మిషను మూసి, ఆమెను ఆటోలో సెంటర్‌కు తీసుకెళ్లాను. దారిలో నా 182 సంగతి చెప్పాను. ఆమె నాకు దూరంగా ఆటో అంచుకు జరిగి కూర్చుంది.

నా మందులు ఆ వారమే మొదలయ్యాయి. ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఒక మందు మార్చాల్సి వచ్చింది, మిగతావి పడ్డాయి. ఆ ఆదివారమే మళ్లీ లేచి నిలబడ్డాను. నంబరు 182 అని, నేను స్వస్థపడలేదని, డాక్టరు చెప్పిన మాట దాచానని, మందులు మింగుతున్నానని చెప్పాను. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. బయట మెట్ల మీద, పదేళ్లుగా నా పక్కన నిలబడి పాడే క్వయర్ ఆమె వచ్చి, నా చెయ్యి నొక్కి, అటెటో చూస్తూ మెల్లగా అడిగింది.

"నేను ఎనిమిదింటికి వేసుకుంట. మీరు?"

సరళకు టీబీ కూడా బయటపడింది. ఐదు నెలలు పెనుగులాడి పోయింది. సమాధి దగ్గర వాళ్ల అమ్మ నాకు దండం పెట్టి పలకరించింది. కూతురు నా గురించి ఏమీ చెప్పలేదు కాబోలు. నేనే చెప్పాను. ఆమె చేతులు దించేసింది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. రోజుకు ఒక్క గోళీ, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పరీక్షకు దొరకనంత తక్కువ. ఇప్పుడు కౌంట్ పడిపోయేదాకా ఆపరు, పాజిటివ్ అని తేలగానే మందులు మొదలుపెడతారు. ఆలస్యం చేయకండి, ప్రార్థన చేసేవాళ్లు మందు వేసుకునే చేయండి. మరొక్క మాట. మీ రిపోర్టులో మంచి నంబరు వచ్చిన రోజు, దాన్ని ఎవరికైనా చెప్పేటప్పుడు డాక్టరు అన్న మాట మొత్తం చెప్పండి, సగం చెప్పకండి. వినేవాళ్లలో ఎవరు గోళీ చేతిలో పట్టుకుని కూర్చున్నారో మనకు కనిపించదు.