అందరి ఫొటోల పేరూ మిర్చే

ఎండుమిర్చి ఘాటు తగిలితే అందరికీ తుమ్ము వస్తుంది. నాకు తుమ్ముతోపాటు నవ్వూ వస్తుంది. నిన్న మా ఆఫీసు పక్క మిల్లులో కారం ఆడిస్తుంటే అదే జరిగింది, వెంటనే మస్తాన్ గారు గుర్తొచ్చారు.

ఆయన గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి సూపర్‌వైజరు. వీధికో ఇంటర్నెట్ సెంటర్ వెలుస్తున్న ఆ రోజుల్లో ఆ స్టోరేజీ యజమానికి ఒక వెబ్‌సైటు పెట్టాలని బుద్ధి పుట్టింది. రైతులు తమ మిర్చి ఫొటోలు అందులో పెడితే దూరపు వ్యాపారులు చూసుకుని వస్తారన్నమాట. దాన్ని తయారు చేయడానికి నన్ను పనిలో పెట్టుకుని, మస్తాన్ గారిని నా పనికి పెద్దగా పెట్టాడు. ఆయనకు మౌసు పట్టుకోవడం రాదు. నాకేమో, నాకు రానిది లేదని గట్టి నమ్మకం.

సైటు మొదలై రెండు వారాలు తిరక్కుండానే పర్చూరు నుంచి సుబ్బమ్మ గారనే రైతు ఊడిపడింది. సంచిలోని కాయలు నా బల్ల మీద కుమ్మరించింది. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

"ఇయ్యి నా కాయలు. మీ కంప్యూటర్లో తెల్లబడ్డ తాలుకాయలు పెట్టారేందమ్మా? వస్తానన్న వ్యాపారి అయ్యి చూసి రానన్నాడు. నా కాయకి వంకపెట్టినోడు ఇంతవరకూ లేడు!"

"మీరే తప్పు ఫొటో పంపి ఉంటారండీ" అన్నాను పొగరుగా.

"ముందు తెరిచి చూడమ్మా" అన్నారు మస్తాన్ గారు.

తెరిచాను. ఆవిడ పేరు కింద తాలుకాయలే ఉన్నాయి. ఇంకో రైతు పేజీ తెరిస్తే అక్కడా అవే, మూడో రైతుకూ అవే! ఇంటర్నెట్ సెంటర్లలో అందరి ఫొటోలకూ 'మిర్చి' అనే పేరే పెట్టి పంపారు. వచ్చిన పేరుతోనే నేను వాటిని దాచాను. కొత్త 'మిర్చి' వచ్చినప్పుడల్లా పాత 'మిర్చి' చెరిగిపోయింది. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

మస్తాన్ గారు పడీపడీ నవ్వి, మా ఇద్దరినీ కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్లారు. గుమ్మం దగ్గర ఒకతను బస్తాల మీద రంగుతో నంబర్లు వేస్తున్నాడు.

"వీటన్నిట్లో ఉన్నదేంది?" అని నన్నడిగారు మస్తాన్ గారు.

"మిర్చి."

"మరి మిర్చి అని రాస్తే ఎవరిది వాళ్లకు దొరుకుద్దా? రైతు చెప్పిన పేరు రిజిస్టర్లో ఉంటది. బస్తా మీద మాత్రం మన నంబరే. ఒకరికిచ్చిన నంబరు ఇంకొకరికి ఇవ్వం. ఏ గదో, ఏ వరసో కూడా రాసుకుంటాం."

"ఈయనకి కంప్యూటరిచ్చి, ఈ పిల్లకి రంగుడబ్బా ఇయ్యండయ్యా!" అంది సుబ్బమ్మ గారు. ఆ మాటకు నేనూ నవ్వేశాను.

ఆ సాయంత్రమే ప్రతి ఫొటోకూ మా సొంత నంబరు వచ్చేలా, పంపినవాళ్లు పెట్టిన పేరు విడిగా ఉండేలా, ఏ నెలవి ఆ నెల అరలో పడేలా మార్చాను. మస్తాన్ గారు పక్కనే కూర్చుని, "ఒకే పేరుతో రెండెక్కించి చూడమ్మా" అన్నారు. రెండూ నిలిచాయి. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. తన తెల్ల తువ్వాలు మీద సుబ్బమ్మ గారి కాయలు పరిచి కొత్త ఫొటో తీయించారు, మిగతా రైతులనూ మళ్లీ పంపమని కబురు పెట్టారు. తర్వాత ఆ వ్యాపారికి ఫోన్ చేసి, "తప్పు మాదండీ, ఆమె కాయ బంగారం" అన్నారు. నా పేరు ఎత్తలేదు.

వ్యాపారి వచ్చాడు, సరుకు కొన్నాడు. వారం తిరక్కుండా సుబ్బమ్మ గారి నుంచి పండుమిరపకాయల పచ్చడి జాడీ వచ్చింది. మూత మీద సుద్దతో తన ఫొటో నంబరు వేసి పంపింది!

ఇప్పుడు నేను పనిచేసే చోట రోజూ వేల ఫైళ్లు వచ్చిపడతాయి. వాటికి నంబర్లు ఇవ్వడం ఇప్పుడు ఎవరికైనా వచ్చు. ఎవరైనా కోపంగా ఫోన్ చేసినప్పుడు మాత్రం ముందు తెరిచి చూస్తాను. "మీరే తప్పు పంపి ఉంటారు" అనే మాట ఆ రోజు తర్వాత మళ్లీ నా నోట రాలేదు.