మిద్దె మీది నల్లమన్ను

పత్తర్‌గట్టి వెనక గల్లీలో వామన్‌రావు ఇంటి మిద్దె మీద నాలుగు తులసి తొట్లున్నాయి. ఉన్నాయంటే, మూడింటిలో పుల్లలున్నాయి. నాలుగోదానిలో ఇంకా కాస్త పచ్చదనం మిగిలింది, అదీ పసుపు తిరిగిన పచ్చదనం.

గల్లీ చివరి వేణుగోపాలస్వామికి పొద్దున్నే తులసిమాల ఇచ్చే పని ఆ ఇంటిది. ఇంట్లో పెంచిన తులసే కావాలి, బజారుది పనికిరాదు. తాత పెట్టిన కట్టుబాటు. కోర్టులో గుమాస్తాగా రిటైరైన వామన్‌రావు మాల పట్టుకెళ్లడం వరకే చేసేవాడు. పెంచడం, కోయడం, కట్టడం అన్నీ భార్య గోదా పనే. దేవుడి మెడలోంచి దిగింది ఎవరి కాళ్ల కిందా పడకూడదని నిన్నటి మాలలన్నీ, భక్తులు బజారులో కొని వేసినవి సహా, అతనితో ఇంటికి తెప్పించేది. ఎండుటాకులు, కాస్త పాత మన్ను కలిపి మిద్దె మీది నీలం డ్రమ్ములో వేసి, వారానికోసారి కర్రతో తిరగేసేది. మూడు నెలలకు అది నల్లటి మెత్తటి మన్నయ్యేది. తొట్లకు అదే తిండి.

"దారం తీసి తెమ్మంటే ఒక్కనాడన్న తీస్తరా? పూలన్నీ కుళ్లుతయి గని ఈ నైలాన్ దారం కుళ్లదండీ," అని రోజూ లొల్లి.

"రేపు తీస్త లే," అనేవాడు ఈ మహానుభావుడు. ఆ రేపు ముప్ఫై ఏళ్లూ రానే లేదు.

మూడు నెలల కిందట గోదా పోయింది. వంటింట్లో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. వామన్‌రావు ఏడవలేదు. రాతిగుండె అనుకునేరు, అదీ కాదు. లోపల ఏమీ లేదు, అంతే. పురోహితుడు చెప్పినవన్నీ వరసగా చేశాడు. మైల పోవాలని పదమూడో రోజుకు ముందు ఇల్లంతా కడిగించాడు, పాత కుండలు పారేయించాడు. మిద్దెక్కితే డ్రమ్ము కనిపించింది. పోయిన మనిషి చేతులు పెట్టిన కుళ్లు, ఇదీ మైలే అనుకుని చెత్తబండికెత్తించాడు. తొట్లలో మన్ను కూడా తీయించి, తులసిని జల్లించిన ఎర్రమన్నులో నాటించాడు. ఎంత శుభ్రంగా ఉందో అని కూడా అనుకున్నాడు, చూడండి ఖర్మ! ఆనాటి నుంచి గుడి మాలలను మూసీలో పారేస్తున్నాడు.

తులసి వాడుముఖం పట్టింది. యూరియా వేశాడు. వారం నిగనిగలాడింది, ఆ పై వారం ఆకుల అంచులు మాడాయి. ఇంకొంచెం వేశాడు. ఒకదాని వెనక ఒకటి మూడు పోయాయి. స్వామికి మాల కాస్తా నాలుగు రెమ్మలైంది. ఈ చెట్టూ పోతే తాత నాటి సేవ తన చేతిలోనే ఆగిపోతుంది, గోదా పెంచింది ఏదీ మిగలదు. అది అతనికి తెలుసు. తెలిసినా ఎవరి సంగతో విన్నట్టే ఉంది. కాళ్లు మాత్రం అతన్ని ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర మొక్కల బండి పెట్టే కరీం దగ్గరికి తీసుకుపోయాయి.

కరీంకు గోదా బాగా తెలుసు. వామన్‌రావు కాగితంలో చుట్టి తెచ్చిన మన్నుగడ్డను తీసుకుని బండి అంచుకు కొట్టాడు. ఇటుకలా రెండు ముక్కలైంది.

"ఏంది రావ్ సాబ్ ఇది? దీంట్ల జాన్, పానమే లేదు. వేరు ఊపిరెట్ల తీస్కుంటది? మీరేసిన యూరియాను పట్టి ఉంచేదే లేకపాయె. కొంత వేరును కాలుస్తది, మిగిలింది నీళ్లతోటి కారిపోతది. మీరు అన్నం పెడ్తున్నరు గని దాని ఒంటికి పడ్తలేదు."

వామన్‌రావు ఈ మూడు నెలల్లో వదులై భుజం మీంచి జారుతున్న చొక్కాను పైకి లాక్కున్నాడు.

"అమ్మగారి నల్లమన్ను ఏమాయె? సత్తువంత దాంట్లనే ఉంటది సాబ్. తడి పట్టుకుంటది, తిండి పట్టుకుంటది. కంటికి కనపడని పురుగులు మస్తు బతుకుతయి దాంట్ల, అవే కుళ్లిన ఆకును వేరుకు తిండి చేస్తయి."

"పారేసిన," అన్నాడు వామన్‌రావు. "మైల అని పారేసిన, కరీం భాయ్. నేనే."

కరీం బండి కిందికి వంగి సగం బస్తా బయటికి లాగాడు. "నా గులాబీలకని అమ్మగారే ఇచ్చిన్రు. ఇంతే మిగిలింది, తీస్కపోండి. అయిపోయేలోపల మీరు చేసుకోవాలె."

ఇంటికొచ్చి తులసి చుట్టూ ఎర్రమన్ను తవ్వి తీశాడు. బస్తాలో చెయ్యి పెట్టాడు. మన్ను చల్లగా, తేలిగ్గా ఉంది. గుప్పెడు తీయబోతే వేళ్లకు ఏదో చుట్టుకుంది. లాగితే నైలాన్ దారం.

మర్నాడు గుడిలో నిన్నటి మాలలిచ్చారు. మూసీ వైపు పోలేదు. మిద్దె మీద కూర్చుని ఒక్కొక్క బంతిపువ్వూ లాగి ఎండిన తొట్టిలో వేశాడు. చివరికి చేతిలో దారం మిగిలింది.

"గోదా, దారం తీసిన," అన్నాడు మెట్ల వైపు తిరిగి, గట్టిగా.

కింద వంటింట్లోంచి జవాబు కోసం కాసేపు చూశాడు. రాలేదు. గోదా చచ్చిపోయిందని అతనికి అప్పుడు తెలిసింది.